పిల్లలు గుర్తుపట్టిన ముఖాలు

సుసన్న మొదట గీసిన పుస్తకంలో ఒక్క మనిషికీ సరైన ముఖం లేదు. కావాలనే అలా గీసింది. గీయమని అడిగిన హన్మంత్ ఆ ఒక్క సంగతి మరీ మరీ చెప్పాడు.

"మొఖాలు గుర్తువట్టేటట్టు గియ్యకు అక్కా. మనిషి అంటే మనిషి. గంతే."

అది పందొమ్మిది వందల నలభై ఏడు, ఎండాకాలం. సుసన్న ఇబ్రహీంపట్నం మిషన్ బడికి పంతులమ్మగా వచ్చి అప్పటికి రెండేళ్లు. పెళ్లయిన మూడో ఏడే భర్త యోబు గత్తర తగిలి, ఊళ్లో అందరికీ వచ్చిన కలరాతో పోయాడు. అత్త ఈదమ్మ, మరిది ఇస్తారి హయత్‌నగర్ అవతల తమ ఊళ్లోనే ఉండిపోయారు. ఈమె ఒక్కతే ఒక పెట్టె పట్టుకుని ఇక్కడికి వచ్చింది. ఇక్కడ యోబును ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. అది ఆమెకు ఒకందుకు బాగానే ఉండేది. జాలి చూపులు తక్కువ.

బడి అంటే ఒక పెంకుటిల్లు, ముప్పై మంది పిల్లలు, గోడకు వేలాడే దేవుని కథల బొమ్మల చుట్ట. వారానికి ఒక బొమ్మ తిప్పి కథ చెప్పేది. చిన్నప్పుడు బోర్డింగు బళ్లో అలాంటి బొమ్మలనే చూసి పలక మీద గీసీ గీసీ ఆమె చేతికి గీత పట్టుబడింది.

హన్మంత్ దొరల వెట్టి మీద కొట్లాడే సంఘం మనిషి. నల్లగొండ వైపు నుంచి వచ్చాడు. అసలు పేరు అదో కాదో ఎవరూ అడగలేదు. ఒక మధ్యాహ్నం వచ్చి బడి గడపలో నిలబడి ఆమె చెప్పే కథ చివరిదాకా విన్నాడు. పిల్లలు వెళ్లాక బొమ్మ దగ్గరికి వచ్చి వేలు పెట్టి అడిగాడు.

"గీ ఇటుకలు మోసేటోళ్లు ఎవలక్కా?"

"ఐగుప్తు రాజుకు వెట్టి చేసేటోళ్లు."

"ఎక్కడి వెట్టో పోరగాళ్లకు ఎర్కైంది. ఇంటి ముంగటి వెట్టి ఎట్ల పోయిందో ఎర్కలేదు. నిరుడు జరిగిన ముచ్చటే మరిచిపోతున్నరు. గిట్లనే బొమ్మలు గీసి ఒక పుస్తకం జెయ్యరాదూ?"

సుసన్న వారం రోజులు ఆలోచించింది. మిషన్ వాళ్లకు తెలిస్తే కొలువు పోతుంది. రజాకార్లకు తెలిస్తే పోయేది కొలువొక్కటే కాదు. అయినా నిరుడు జరిగింది ఆమె కళ్లతో చూసింది. పెద్ద చెరువులో చేపలు పట్టే బుగ్గయ్య, వారం వారం దొర గడీకి ఊరికే పంపే చేపల బుట్టను ఒకనాడు పంపలేదు. గడీ మనుషులు వచ్చి అతని చెవిపోగు పట్టుకుని గుంజితే చెవితమ్మె రెండుగా చీలింది. మర్నాడు మళ్లీ వచ్చినప్పుడు వాడకట్టు ఆడవాళ్లు రోకళ్లు, కారప్పొడి పట్టుకుని అడ్డం నిలబడ్డారు. అందరికంటే ముందు రాధమ్మ ఉంది. ఆ రోజు తర్వాత దొర, అతని వెనక పట్వారి, పట్నం వెళ్లిపోయారు. ఊళ్లో వెట్టి ఆగింది.

ఆమె పన్నెండు బొమ్మలు గీసింది. దీపం మసితో సిరా, ఎరుపుకు జాజు, చెరువుకు నీలిమందు. బొమ్మ కింద పెద్ద అక్షరాలతో ఒక్క ముక్క. "ఇది బుగ్గయ్య వల. చేప ఎవరిది? పట్టినవానిది." అంతే.

పిల్లల ముందు పెడితే వాళ్లు తిరగేసి, మూసి, ఊరుకున్నారు. బుగ్గయ్య కూతురు భూలక్ష్మికి తొమ్మిదేళ్లు. ఆ పిల్ల మాత్రం పుస్తకాన్ని వెనక్కి తోసింది.

"గీయన ఎవరు పంతులమ్మా?"

"మీ బాపు."

"మా బాపు గిట్లుండడు. మా బాపు చెవి శీలి ఉంటది. నవ్వుతే ఒక్క దిక్కే నవ్వుతడు."

"రాధమ్మ పెద్దమ్మకు గదుమ మీద మూడు పచ్చబొట్లుండాలె" అంది ఇంకొక పిల్ల.

సుసన్న చిన్నబుచ్చుకుంది. ఆ చిన్నబుచ్చుకోవడంలో పంతం కూడా ఉంది. తాను గీయలేక కాదు గదా! రెండో పుస్తకం మొదలుపెట్టి చీలిన చెవి గీసింది, పక్క నవ్వు గీసింది, గడ్డం మీద మూడు పచ్చబొట్లు పెట్టింది. ఈసారి పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు. "అగో మా బాపు! అగో పెద్దమ్మ!" అని కేకలు. ఒక్క అక్షరం రానివాళ్లు కూడా బొమ్మ కింది ముక్కలు కంఠతా పట్టి, తర్వాత అక్షరాల మీద వేలు పెట్టి చదవసాగారు. రెండేళ్లలో రాని చదువు నెల రోజుల్లో వచ్చింది. మొదటి పుస్తకాన్ని చింపి, రెండోదానితో కలిపి అలాంటివే ఆరు చేసింది. పుస్తకం ఇంటికి తీసుకుపోయిన పిల్లల చుట్టూ తల్లులూ తాతలూ కూర్చున్నారు.

హన్మంత్ మళ్లీ వచ్చినప్పుడు పుస్తకం తెరిచి బొమ్మ బొమ్మా చూశాడు.

"మస్తు గీసినవక్కా" అన్నాడు చివరికి. "నా మాటైతే ఇనలె."

"పోరగాండ్లు ఊకుంటలేరు తమ్మీ. వాళ్ల అయ్యలను వాళ్లు సూసుకుంటరట."

అతను తననైతే గీయనివ్వలేదు.

మరుసటి ఏడు సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు మాయమయ్యారు. లారీల మీద వచ్చిన జవాన్లకు ఊరివాళ్లు మంచినీళ్లిచ్చారు, దండలు వేశారు. సుసన్న పిల్లలను వరసగా నిలబెట్టి పాట పాడించింది. ఇక భయం లేదని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. నెల తిరక్కముందే దొర మిలిటరీ జీపులో, తెల్ల ఖద్దరు టోపీతో తిరిగి వచ్చాడు. వెంట పట్వారి. గడీ పక్క కొట్టాల్లో క్యాంపు వెలిసింది. ఇప్పుడు వెతికేది రజాకార్లను కాదు, సంఘం వాళ్లను.

హన్మంత్ అడవి పట్టాడు. పోతూ పోతూ లింగస్వామి అనే ఊరి కుర్ర రైతుతో కబురు పంపాడు, పుస్తకాలన్నీ కాల్చెయ్యమని. సుసన్న ఇంటింటికీ తిరిగింది. ఐదు పుస్తకాలు ఆమె కళ్ల ముందే పొయ్యిలో పడ్డాయి. ఆరోది భూలక్ష్మి దగ్గర ఉంది.

"పొద్దుగాలనే కాలవెట్టిన పంతులమ్మా" అంది ఆ పిల్ల.

ఆమె నమ్మింది. పిల్ల కళ్లలోకి ఇంకాస్త చూసి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

నవంబరులో సోదా జరిగింది. బుగ్గయ్య ఇంట్లో వడ్ల గుమ్మి వంచితే గింజలతో పాటు పుస్తకం జారి పడింది. భూలక్ష్మి దానికి పాత చీరపేలిక చుట్టి, దారం కట్టి పెట్టింది.

మర్నాడు పొద్దున చావడి ముందు ఊరందరినీ నిలబెట్టారు. ఆఫీసరు ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. చదివి చెబుతానని పట్వారి చెయ్యి చాపితే అక్కర్లేదని తానే పేజీలు తిప్పాడు. బొమ్మ చూడటం, వరసలోకి చూడటం. మూడో బొమ్మ దగ్గర ఆగి, పుస్తకం తెరిచి పట్టుకునే నడుచుకుంటూ వచ్చి బుగ్గయ్య ముందు నిలబడ్డాడు. బుగ్గయ్య తల కాస్త పక్కకు తిప్పుకున్నాడు. జవాను గడ్డం పట్టి ఇటు తిప్పాడు. చీలిన చెవి, బొమ్మలోని చెవి. ఏడో బొమ్మకు రాధమ్మ దొరికింది. ఇంకా ఇద్దరు దొరికారు. ఒక్క తెలుగు ముక్క చదవకుండా ఆ మనిషి ఊరి కథంతా తెలుసుకున్నాడు. సుసన్న పిల్లల వెనక నిలబడి ఇదంతా చూసింది. భూలక్ష్మి ఆమె కొంగు రెండు చేతులా పట్టుకుంది.

ఎవరు గీశారంటే ఊరు నోరు విప్పలేదు. పట్వారికి విప్పించే పని లేదు. ఊళ్లో బొమ్మలు గీసే మనిషి ఒక్కతే.

సాయంత్రం ఆఫీసరు బడికి వచ్చాడు. తిట్టలేదు, చెయ్యెత్తలేదు. పిల్లల పీట మీద కూర్చుని గోడ మీది బొమ్మలు చూసి, "బహుత్ అచ్ఛా" అన్నాడు. ఆయన మాటలు పట్వారి తెలుగు చేశాడు.

"హన్మంత్‌గాని మొఖం మేమెవ్వలం సూడలె. నేను పట్నంల ఉన్నప్పుడు వాడు ఊర్లెకొచ్చిండు. ఫొటో లేదు. నువ్వు సూసినవ్. గియ్యమంటున్నడు సాబు."

"నాకు యాదికి లేదు."

"బుగ్గయ్య శెవి యాదికున్నది, వాని మొఖం యాదికి లేదా? గీస్తే ఆ నలుగురిని ఇడుస్తమంటున్నడు. గియ్యకపోతే బడి మూత. నలుగురి సంగతి ఇగ నువ్వే సోచాయించుకో. రేపు పొద్దుగూకేదాక టైమున్నది."

మర్నాడు బడికి సెలవిచ్చి కాగితం ముందు కూర్చుంది. హన్మంత్‌ను గీయకూడదు. అది ఆలోచించే పనే లేదు. ఎవరిదీ కాని ముఖం గీయాలనుకుంది. కనుబొమలు గీస్తే లింగస్వామివి అయ్యాయి. చెరిపి ముక్కు గీస్తే కంసాలి కొడుకుది అయింది. దవడ గీస్తే ఎవరో సంతలో చూసిన మనిషి. ప్రతి గీతకూ ఎక్కడో ఒక సొంతదారు ఉన్నాడు. ఆ ముఖంతో తిరిగేవాణ్ని ఎక్కడో పట్టుకుంటారు, కొడతారు. మధ్యాహ్నానికి పది కాగితాలు నలిపి పారేసింది.

అప్పుడామెకు చనిపోయిన మనిషిని ఎవరూ పట్టుకోలేరన్న సంగతి తట్టింది.

యోబును అంతకు ముందెప్పుడూ గీయలేదు. ఫొటో కూడా లేదు. భయపడుతూ మొదలుపెట్టింది కాని చెయ్యి తడబడలేదు. వెడల్పు నుదురు, కలిసిన కనుబొమలు, కింది పెదవి కింద చిన్న గుంట. గీయడం అయ్యాక కాగితం దూరంగా పెట్టి చూసింది. మూడేళ్ల పైన అయింది ఆ ముఖం చూసి. సాయంత్రం జవాను వచ్చి తీసుకుపోయేదాకా అలా చూస్తూనే ఉంది.

ఆఫీసరు ఊరికే నమ్మే మనిషి కాదు. మళ్లీ చావడి ముందు జనాన్ని పోగు చేసి బొమ్మ చూపించాడు. మొదట అనంతమ్మ అనే ముసలామె ముందు పెట్టాడు. ఆమె మూడు నెలలు హన్మంత్‌కు అన్నం పెట్టిందని అందరికీ తెలుసు. ఈ బొమ్మ సంగతి సుసన్నకు ఎవరికీ చెప్పే వీలు చిక్కలేదు.

అనంతమ్మ బొమ్మను కళ్లకు దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టి చూసింది.

"అవ్. గీయననే" అంది. "నా చేతి అన్నం తిన్నడు. జర చిక్కినట్టు గీసిందిగని, హన్మంతే."

తర్వాత అందరూ అదే మాట. "అవ్, గాయనే." "ఎందుకు యాదికుండదు, హన్మంతే." ఎన్నడూ చూడని మనిషిని ఊరు ఊరంతా గుర్తుపట్టింది. సుసన్నకు ఏడుపొచ్చింది, తల దించుకుంది. మాట ఇచ్చి కూడా ఆఫీసరు ఆ నలుగురిని వదల్లేదు. ఇరవై రోజులకు పట్వారి వచ్చి, బుగ్గయ్య పారిపోతుంటే రాచకొండ గుట్టల దగ్గర కాల్చారని చెప్పాడు. శవాన్ని ఇవ్వలేదు. ఎక్కడ పూడ్చారో చెప్పలేదు. భూలక్ష్మి తల్లి చావడి ముందు మూడు రోజులు కూర్చుని లేచి వచ్చింది. భూలక్ష్మి బడికి రావడం మానేసింది. సుసన్న వాళ్లింటికి పోతే, పిల్ల గుమ్మి వెనకకు పోయి దాక్కుంది. రెండోసారి పోయే ధైర్యం ఆమెకు లేకపోయింది.

బొమ్మను పట్నంలో అచ్చు వేయించి రోడ్ల వెంట, బండ్లను ఆపి చూసే నాకాల దగ్గర అంటించారు. ఇబ్రహీంపట్నం చావడి గోడకూ ఒకటి అంటించారు. సుసన్న రోజూ దాని ముందు నుంచే నీళ్లకు పోయేది.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త ఈదమ్మ వచ్చింది. హయత్‌నగర్ అవతల నుంచి నడిచి వచ్చింది. కాళ్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. నీళ్లిస్తే తాగలేదు.

"నాకా కాడ నా కొడుకు బొమ్మ వెట్టిన్రు సుసన్నా. సచ్చినోని బొమ్మ. ఎవలు గీసిన్రో నాకు సూడంగనే ఎర్కైంది. గా పెదిమె కింది గుంట నీకు నాకు దప్ప ఎవలికెర్క?"

"అత్తా, నేను…"

"గది కాదు నేనడగొచ్చింది. ఇస్తారిని పట్టుకపోయిన్రు."

సుసన్న గోడకు ఆనుకుంది. ఇస్తారి బెజవాడ రోడ్డు మీద ఎడ్లబండి తోలుతాడు. యోబు కంటే రెండేళ్లు చిన్న. పెళ్లినాడు, పెళ్లికొడుకు ఎవరు, తమ్ముడెవరు అని ఆడవాళ్లు పరాచికాలాడారు. అదే నుదురు, అవే కనుబొమలు. యోబును ఎవరూ ముట్టుకోలేరని ఆలోచించింది కాని, ఆ ముఖంతోటే ఇంకొక మనిషి బతికి ఉన్నాడన్నది ఆమెకు ఆ రోజు గుర్తుకే రాలేదు.

"నిన్న పట్టుకున్నరు. గోడ మీది కాగితం పక్కపొంటి నిలవెట్టి సూసిన్రట. గీ ఊరి క్యాంపుకే తెచ్చిన్రు. నా కొడుకు హన్మంత్ గాదంటే ఎవలు ఇంటరు? నువ్వు పోయి చెప్పు బిడ్డా."

"పోతున్నత్తా" అని అప్పుడే లేచింది. గడప దాటేసరికి లింగస్వామి ఎదురొచ్చాడు. కబురు అతనికి అప్పటికే తెలిసింది. ఆమెను బడి వెనక్కి పిలిచాడు.

"అక్కా, జర ఆగు. హన్మంతన్న గుట్టల్ల జ్వరంతోని పడున్నడు. ఆయన దొరికిండని అనుకొని మిలిట్రీ వాళ్లు గుట్టల పొంటి గస్తీ తీసేసిన్రు. రేపు, ఎల్లుండి, రెండొద్దులైతే కృష్ణ దాటిస్తం. నువ్వు గిప్పుడు పోయి చెప్తివా, మల్ల చుట్టుకుంటరు. ఆయనొక్కడే గాదు, పదకొండు మందున్నరు."

"ఆడ మా ఇస్తారి ఉన్నడు."

"ఎర్కేనక్కా. రెండొద్దులే."

సుసన్న లోపలికి వచ్చింది. రేపు పాస్టరు దగ్గరికి పోయి యోబును పూడ్చినప్పటి రిజిస్టరు నకలు తెచ్చుకోవాలని, అది లేకుంటే నమ్మరని అత్తకు చెప్పింది. అది నిజమే. దానికి ఒక్క పూట చాలన్నదీ నిజమే. ఈదమ్మ తల ఊపింది.

సోమవారం పోయి నకలు తెచ్చింది. మంగళవారం పాస్టరు సంతకం సరిగా లేదని వంక పెట్టి ఇంట్లోనే కూర్చుంది. గడీ వైపు నుంచి ఏ చప్పుడు వచ్చినా ఈదమ్మ ముఖం చూడలేక బయటికి పోయి నిలబడింది. సాయంత్రం లింగస్వామి బడి ముందు నుంచి ఆగకుండా నడుచుకుంటూ, తల మాత్రం ఊపి పోయాడు. దాటారు.

బుధవారం తెల్లారి అత్తను వెంటబెట్టుకుని క్యాంపుకు పోయింది.

"మీరు పట్టుకున్నది హన్మంత్‌ను కాదు. నా మరిది ఇస్తారిని" అంది. పట్వారి హిందీ చేసి చెప్పాడు. "బొమ్మల ఉన్నది నా పెనిమిటి. సచ్చిపోయిండు. గిదిగో పాస్టరు ఇచ్చిన కాగితం."

ఆఫీసరు ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం చదివాడు. హన్మంత్‌ను పట్టుకున్నామని అప్పటికే పట్నానికి రాసి పంపాడు. పైవాళ్ల మెప్పు కూడా అందింది. ఆయన ముఖం మెల్లగా ఎర్రబడింది. ఏమో అడిగాడు.

"ఊరంత హన్మంతే అన్నరు గద అంటున్నడు సాబు."

"వాళ్లు భయానికన్నరు. తప్పు నాదొక్కదాన్దే."

ఇస్తారిని తెచ్చారు. ఇద్దరు పట్టుకుంటే నడిచాడు. కుడి చెయ్యి ముంజేతి నుంచి వేలాడుతోంది. తల్లిని చూశాడు. వదినను చూశాడు. ఈదమ్మ అతని నడుం చుట్టూ చెయ్యి వేసి బయటికి తీసుకుపోయింది. సుసన్నను అక్కడే ఉంచేశారు.

పట్నం జైలులో ఆడవాళ్ల గదిలో ఇరవై రెండు నెలలు ఉంది. మొదటి రోజు ఆ గదిలో అడుగుపెట్టగానే మూల నుంచి రాధమ్మ లేచి వచ్చింది. సుసన్న ఆమె కాళ్ల మీద పడబోతే రెక్క పట్టి లేపింది.

"నా మొఖం మంచిగనే గీసినవ్ బిడ్డా. గందుకే దొరికిన" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "బుగ్గయ్య సంగతి నిజమేనా?" అని అడిగింది. అవునని చెబితే గోడ వైపు తిరిగి పడుకుంది.

అక్కడ తల్లుల వెంట వచ్చిన పిల్లలు నలుగురైదుగురు ఉండేవారు. కొన్ని వారాల తర్వాత రాధమ్మే ఒక ఇటుక ముక్క తెచ్చి సుసన్న చేతిలో పెట్టింది. పోరగాళ్లకు మన ఊరి కథ చెప్పమంది. సుసన్న గియ్యనంది. అప్పుడు రాధమ్మే తనకు వచ్చిన వంకర గీతలతో నేల మీద చెరువు గీసి, వల గీసి, కథ చెప్పింది. పిల్లలు రాధమ్మ మాటే విన్నారు. సుసన్న కూడా ఒక మూల కూర్చుని విన్నది. బొమ్మ లేకున్నా కథ నిలబడింది. పేర్లు ఉన్నాయి, రోకళ్లు ఉన్నాయి, కారప్పొడి ఉంది. అప్పటికే రాధమ్మ నోట విన్న ఆడవాళ్లు అక్కడక్కడ తప్పులు కూడా దిద్దారు.

యాభయ్యో సంవత్సరం నవంబరులో విడిచిపెట్టారు. బడిని మిషన్ వాళ్లు ఎప్పుడో మూసేశారు. హన్మంత్ కృష్ణ దాటాక ఏమయ్యాడో ఎవరికీ సరిగా తెలియదు. లింగస్వామి ఇంకా అజ్ఞాతంలోనే ఉన్నాడు. పెట్టె తీసుకోవడానికి ఇబ్రహీంపట్నం వచ్చిన సుసన్న దగ్గరికి భూలక్ష్మి తనే వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల, కూలికి పోయి చేతులు కాయలు కాచాయి. గడపలోనే నిలబడింది.

"పంతులమ్మా, కాలవెట్టిన అని నేను అబద్ధం చెప్పిన" అంది.

"నాకెర్క బిడ్డా. గీయొద్దంటే గీసింది నేను. ఆ తప్పు నాది. నువ్వు మీ బాపును దాసుకున్నవ్. గంతే."

పిల్ల ఏడవలేదు. అడగడానికి వచ్చిన మాట వేరే ఉంది.

"మా తమ్మునికి బాపు మొఖం యాదికి లేదు. గాయన పోయిన్నాడు వాడు పాలు తాగేటోడు. మల్ల ఒక్కసారి గీస్తవా?"

సుసన్న వద్దని చెప్పబోయింది. ముఖం గీస్తే ఏమవుతుందో ఆమెకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరున్నారు? కాని ఈ పిల్లకు లేదనే హక్కు తనకు లేదనిపించింది. కాగితం అడిగి, నేల మీద కూర్చుని గీసింది. చెయ్యి మొద్దుబారి ఉంది, నవ్వు సరిగా కుదరలేదు. భూలక్ష్మి దగ్గరుండి ఇక్కడ అని వేలితో చూపిస్తే దిద్దింది. పిల్ల బొమ్మ తీసుకుని, సిరా ఆరేదాకా ఊదుకుంటూ వెళ్లిపోయింది.

అక్కడి నుంచి సుసన్న అత్తగారి ఊరు పోయింది. ఈదమ్మ పట్టుకుని ఏడ్చింది, జొన్న గట్కా వండిపెట్టింది. ఇస్తారి చెయ్యి వంకరగా అతుక్కుంది, వేళ్లు ముడుచుకోవు. బండి తోలడం మానేసి, కౌలుకు తీసుకున్న ఎకరంలో ఒంటి చేత్తో జొన్న వేస్తున్నాడు. వదినను చూసి "మంచిగున్నవా?" అన్నాడు. అంతకంటే మర్యాదగా ఎవరూ పలకరించరు. ఆ మర్యాద సుసన్నకు భరించరానిదైంది. ఈదమ్మ నీళ్లకు పోయినప్పుడు చెప్పేసింది.

"రెండొద్దులు ఆగిన, ఇస్తారి. నువ్వు లోపట ఉన్నవని తెలిసి గూడ ఆగిన. వాళ్లు దాటిపోవాలని."

అతను జొన్నకంకి దూస్తున్న చెయ్యి ఆపాడు.

"ఏ రెండొద్దులు?"

"సోమవారం, మంగళవారం."

అతను ఎడమ చేతి వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు.

"శెయ్యి మంగళవారం ఇరగ్గొట్టిన్రు" అన్నాడు. తర్వాత అడిగాడు. "దాటిన్రా?"

"పదకొండు మంది దాటిన్రు."

"అమ్మకు ఎర్కనా?"

"లేదు."

"చెప్పకు" అని లేచి చేను వైపు పోయాడు.

ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. పొమ్మనీ అనలేదు. సుసన్న పోవాలనే అనుకుంది. ఎక్కడికి పోవాలో తోచలేదు. ఈదమ్మకు కళ్లు మసకేశాయి, వంటకు మనిషి కావాలి. అలా చలికాలం గడిచింది. పొద్దున ఇంటి పని, పగలు కూలి. సాయంత్రాలు వాడకట్టు పిల్లలు నలుగురు వస్తే అక్షరాలు దిద్దించేది. బొమ్మలు మాత్రం గీయలేదు. కథలు నోటితోనే చెప్పేది. ఇస్తారి అన్నం పెట్టించుకునేవాడు, తినేవాడు, లేచిపోయేవాడు. ఒక్కోసారి ఆమె చెప్పే కథ వినబడేంత దూరంలో అరుగు మీద కూర్చునేవాడు. హన్మంత్ అన్న పేరు రాగానే లేచి వెళ్లేవాడు.

ఎండాకాలం మొదట్లో, అరువు తెచ్చిన ఎడ్లతో ఎరువు తోలే రోజున సుసన్న పెంట గంప ఎత్తుకుని చేనికి పోయింది. ఇస్తారి కాడికి పలుపు బిగించబోతున్నాడు. ఎడమ చేత్తో తాడు తిప్పితే కుడి చెయ్యి పట్టి ఆపలేదు, ముడి జారిపోతోంది. రెండుసార్లు, మూడుసార్లు జారింది. ఎద్దు కదులుతోంది. అతను కొంతసేపు తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"వదినా" అని పిలిచాడు, ఆమె వైపు చూడకుండానే. "గీ ముడి జర ఎయ్యి."

ఆమె గంప దించి పోయి ముడి వేసింది. అతను లాగి చూసుకున్నాడు. గట్టిగానే ఉంది. ఎడ్లను అదిలించి ముందుకు నడిచాడు.